రంగు ఎక్కడ మార్చారు?

అందరికీ నమస్కారం. కోడ్ రాయకుండా వెబ్‌సైట్ రూపాన్ని ఎలా మార్చుకోవాలో ఇవాళ చూద్దాం. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు తెరిచే ఉంచండి, మధ్యమధ్యలో మీతో కూడా క్లిక్ చేయిస్తాను. కోడ్ మాత్రం ఒక్క లైను కూడా రాయించను, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తాను. నా మొదటి వెబ్‌సైటులో నలభై పేజీల దాకా ఉండేవి. ప్రతి పేజీ అడుగునా 'సంప్రదించండి' అని ఒక బటన్. దాని నీలం రంగు నాకు నచ్చలేదు. ఒక పేజీ తెరిచి, బటన్ మీద క్లిక్ చేసి, కలర్ పికర్‌లో ఆ చుక్కని అటూ ఇటూ జరిపి ఒక ముదురు ఆకుపచ్చ పట్టుకున్నాను. భలే ఉంది. ఇంకో పేజీ తెరిచాను, మళ్లీ అదే పని. అలా అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని నలభై పేజీలూ ముగించి, పొద్దున్న లేచి ఫోన్‌లో చూసుకుంటే ఏ రెండు బటన్ల రంగూ ఒకటిగా లేదు. ఒకచోట నాచు రంగు, ఇంకోచోట చిలకపచ్చ, మరోచోట మందుసీసా పచ్చ. ప్రతిసారీ కంటితో అంచనా కట్టి పట్టుకున్న రంగు కదా మరి. అన్నిటినీ సరిచేయాలంటే మళ్లీ నలభై పేజీలు తెరవాలి.

అప్పట్లో నాకు కోడ్ రాదు కాబట్టే ఈ తిప్పలు అనుకున్నాను. అదేం కాదు. అదే సైటులో ఒక్కచోట రంగు మారిస్తే నలభై బటన్లూ మారే దారి ఉంది, దానికీ కోడ్ అక్కర్లేదు, నాకు ఆ చోటు తెలియదు అంతే. ఇవాళ చెప్పబోయేదంతా ఆ చోటు గురించే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1994 అక్టోబరులో హాకన్ వియమ్ లీ అనే ఆయన సీఎస్ఎస్, అంటే కాస్కేడింగ్ స్టైల్ షీట్స్, అనే ప్రతిపాదన పెట్టాడు. వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధనశాలలోనే పనిచేసేవాడు. చాలా చిన్న ఆలోచన: పేజీలో ఏముందో ఒకచోట రాద్దాం, అది ఎలా కనపడాలో ఇంకోచోట రాద్దాం. 1996 డిసెంబరులో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. ఇవాళ మీరు వాడే కోడ్ లేని టూల్స్ అన్నీ దీని మీద కట్టినవే. మీరు స్లైడర్ జరిపితే వెనకాల అది సీఎస్ఎస్ రాస్తుంది. రాసేది మీరు కాదు గానీ, ఎక్కడ రాయాలో మీ క్లిక్కే చెప్తుంది. నలభై బటన్ల మీద విడివిడిగా క్లిక్ చేస్తే నలభై చోట్ల రాస్తుంది. దాని తప్పేముంది, మీరు అడిగిందే చేసింది.

ఇప్పుడు తెర మీద చూడండి, ఇది వర్డ్‌ప్రెస్, వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్. ఎక్కువమంది దగ్గర ఇదే ఉంటుందని దీన్నే తీసుకున్నాను. అప్పియరెన్స్ కింద ఎడిటర్ అని కనిపిస్తోందా? కనిపిస్తే మీది బ్లాక్ థీమ్. థీమ్ అంటే సైట్‌కి రూపం ఇచ్చే రెడీమేడ్ కూర్పు, బ్లాక్ అంటే పేజీలోని పేరా, బటన్, ఫొటో లాంటి ఒక్కో ముక్క. దాని బదులు కస్టమైజ్ అని ఉంటే పాత రకం థీమ్, అందులో ఆ థీమ్ చేసినవాళ్లు ఏవి మార్చుకోనిస్తే అవే మారతాయి. సైట్ మొత్తాన్ని ఇలా క్లిక్కులతో మార్చుకునే వీలు 2022 జనవరిలో, 5.9 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నేర్చుకుని వదిలేసినవాళ్లు ఒకసారి మళ్లీ తెరిచి చూడండి.

ఈ ఎడిటర్‌లో మూడు మెట్లు ఉన్నాయి. పైన స్టైల్స్, అది సైట్ అంతటికీ. దాని కింద టెంప్లేట్, అంటే ఒక రకం పేజీలన్నిటికీ ఉన్న చట్రం. అన్నిటికంటే కింద ఆ ఒక్క పేజీలోని ఆ ఒక్క బ్లాక్. కింద మెట్టు మీద చెప్పిన మాట పై మాటని కొట్టేస్తుంది. అందుకే చాలామంది వచ్చి "స్టైల్స్‌లో రంగు మార్చానండీ, ఒక పేజీలో మాత్రం మారట్లేదు" అంటారు. ఆ పేజీలో ఎప్పుడో ఎవరో ఆ బ్లాక్‌కి విడిగా రంగు పెట్టేసి ఉంటారు, ఆ ఎవరో చాలాసార్లు మనమే. ఆ బ్లాక్ మీద క్లిక్ చేసి కలర్ దగ్గర రీసెట్ కొట్టండి, పైనున్న రంగు దానంతటదే దిగుతుంది.

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది, దీని మీద కాస్త ఆగుతాను. ట్వెంటీ ట్వెంటీ ఫైవ్ అనే థీమ్ తెరిచి రంగులు చూస్తే బేస్, కాంట్రాస్ట్, యాక్సెంట్ 1, యాక్సెంట్ 2 అని పేర్లు కనిపిస్తాయి. ఎరుపు, నీలం అని ఉండదు, గమనించారా? ఎందుకంటే అవి గళ్లు. బేస్ అంటే వెనక పరచుకునే రంగు, కాంట్రాస్ట్ అంటే దాని మీద కనిపించే అక్షరాల రంగు. మీరు బటన్‌కి యాక్సెంట్ 1 అని ఎంచుకుంటే, ఆ గడిలో ఏ రంగు ఉంటే అది వేసుకో అని చెప్పినట్టు. రేపు గడిలో రంగు మారిస్తే బటన్ కూడా మారుతుంది. అదే పికర్ తెరిచి చేత్తో ఒక రంగు పట్టుకున్నారా, ఆ రంగు నంబరు ఆ బటన్‌కి అతుక్కుపోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా బయటపడేది ఆరు నెలల తర్వాత లోగో మారినప్పుడే. అందుకని నాది ఒకటే పట్టుదల: పాలెట్‌లో, అంటే ఈ గళ్ల జాబితాలో, లేని రంగు కావాలనిపిస్తే ముందు దాన్ని పాలెట్‌లో చేర్చండి, తర్వాత అక్కడి నుంచి తీసుకుని వాడండి.

ఒకే బ్లాక్ మీద ప్రయోగం చేసి, బాగా కుదిరి, అన్నిచోట్లా ఇలాగే ఉంటే బాగుండు అనిపిస్తే? సైట్ ఎడిటర్‌లో ఆ బ్లాక్ ఎంచుకుని పక్కన సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరవండి, 'అప్లై గ్లోబల్లీ' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఆ రకం బ్లాకులన్నిటికీ అదే రూపం. 2023లో 6.2 వెర్షన్‌తో వచ్చింది. ఇది ముందే ఉండి ఉంటే ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయేవాడిని.

రంగుల గురించి ఇంకొక్క మాట. తెల్లటి వెనకరంగు మీద లేత బూడిద అక్షరాలు పెడితే చాలా నాజూగ్గా, ఖరీదైన సైట్‌లా కనిపిస్తుంది. ఎండలో నిలబడి ఫోన్‌లో చదివేవాడికి మాత్రం ఏమీ కనిపించదు. దీనికి లెక్క ఉంది. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకీ వెనకరంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి. తెలుపు మీద #767676 అనే నంబరున్న బూడిద రంగు సరిగ్గా ఆ గీత మీద నిలబడుతుంది. అందరికీ ఇష్టమైన #999999 అయితే 3 కూడా దాటదు.

ఇక ఫాంట్లు. తెలుగులో రాసేవాళ్లకి ఇక్కడ అసలు చిక్కు. ఫాంట్ల జాబితాలోంచి మోంట్‌సెరాట్ ఎంచుకుంటారు, ఇంగ్లిష్ అక్షరాలు మారతాయి, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. సైట్ చెడిపోలేదు. ఆ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు, అందుకని చదివేవాళ్ల ఫోన్‌లో ఏ తెలుగు ఫాంట్ ఉంటే అది వచ్చి కూర్చుంటుంది. మీ ఫోన్‌లో ఒకలా, మీ అక్క ఫోన్‌లో ఇంకోలా. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ 6.5 వెర్షన్ నుంచి స్టైల్స్‌లో టైపోగ్రఫీ కిందే వాటిని తెచ్చుకోవచ్చు. రామభద్ర లావు అక్షరం, శీర్షికలకే బాగుంటుంది, దాంతో పేరాలు పెట్టకండి దయచేసి.

ఫాంట్ పెట్టాక లైన్ హైట్ చూడాలి, అంటే ఒక్కో లైను ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో. చాలా థీముల్లో శీర్షికలకి 1.2 దరిదాపుల్లో ఉంటుంది, అది ఇంగ్లిష్‌ని చూసుకుని పెట్టింది. మన 'రాష్ట్రీయ' అనే మాట రాసి చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు, నెత్తి మీద గుడి దీర్ఘం. అది రెండు లైన్ల శీర్షికలో పై లైన్లో పడితే వత్తులు వెళ్లి కింద లైను గుడుల్ని గుద్దుకుంటాయి. శీర్షికలకి 1.5, పేరాలకి 1.8 దాకా పెంచి చూడండి, ఫాంట్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ జోలికి మాత్రం తెలుగులో వెళ్లొద్దు, మాట ముక్కలైపోతుంది.

వర్డ్‌ప్రెస్ వాడనివాళ్లు ఖాళీగా కూర్చోకండి. విక్స్‌లో, స్క్వేర్‌స్పేస్‌లో కూడా సైట్ అంతటికీ పనిచేసే రంగులూ ఫాంట్లూ ఉన్నాయి, గళ్ల సంగతి అక్కడా అంతే. విక్స్‌లో ఒక జాగ్రత్త: సైట్ కట్టడం మొదలుపెట్టాక వేరే టెంప్లేట్‌కి మారలేరు, మళ్లీ మొదటినుంచే. కాబట్టి రంగు చూసి టెంప్లేట్ ఎంచుకోకండి, రంగు ఎలాగూ మారుతుంది. మెనూ ఎక్కడుంది, ఫొటోలకి ఎంత చోటుంది, అది చూడండి. వర్డ్‌ప్రెస్‌లో పేజ్ బిల్డర్ ప్లగిన్లు, అంటే పేజీలు కట్టడానికి విడిగా తగిలించుకునే ప్రోగ్రాములు, వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. కొన్నిటిని ఒకరోజు తీసేస్తే పేజీ నిండా బ్రాకెట్లలో షార్ట్‌కోడ్‌లు, అంటే ఆ ప్లగిన్‌కి మాత్రమే అర్థమయ్యే గుర్తులు, మిగులుతాయి, మీ రాత వాటి మధ్య వెతుక్కోవాలి. కొనేముందే ఒక ఉత్తుత్తి పేజీ చేసి, ప్లగిన్ ఆపి, ఏం మిగిలిందో చూసుకోండి.

వర్డ్‌ప్రెస్‌లో అడిషనల్ సీఎస్ఎస్ అని, మనమే సీఎస్ఎస్ రాసుకునే పెట్టె ఒకటి ఉంటుంది. ఏఐని అడిగి పది లైన్లు తెచ్చి అందులో అతికించేయడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. నేనూ చేస్తాను, దాచడం ఎందుకు. కానీ థీమ్ అప్‌డేట్‌లో లోపలి పేర్లు మారాయంటే ఆ లైన్లు చప్పుడు చేయకుండా పనిచేయడం మానేస్తాయి, అవి ఎందుకు పెట్టామో మనకి గుర్తుండదు. స్టైల్స్‌లో దారి లేదని తేలాకే ఆ పెట్టె తెరవండి.

భయపడేవాళ్ల కోసం ఒకటి. సేవ్ నొక్కేదాకా మీరు చేసిన మార్పు బయటివాళ్లకి కనపడదు. సేవ్ అయ్యాక కూడా స్టైల్స్‌లో రివిజన్స్ అని ఉంటుంది, నిన్నటి రూపం, మొన్నటి రూపం వరసగా దాచి పెడుతుంది, ఏది కావాలంటే దానికి వెనక్కి వెళ్లొచ్చు. స్టైల్ బుక్ అని ఇంకోటి ఉంది, శీర్షికలు, బటన్లు, కొటేషన్లు అన్నీ ఒకే తెర మీద పరిచి చూపిస్తుంది. నలభై పేజీలు తిరిగే పని లేదు.

సరే, ఇప్పుడు మీలో ఒకరి సైట్ పెద్ద తెర మీద పెట్టి స్టైల్ బుక్ తెరుద్దాం. బటన్లు మూడు రంగుల్లో ఉన్నా పర్వాలేదు, నా నలభై పచ్చల కంటే నయమే. ఎవరిది ముందు?