పదిహేడో రోజు: కందుకూరు గ్రంథాలయ వారోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు, వెనక బల్లల మీద ఓపికగా కూర్చున్న అమ్మలకు నమస్కారం. మత్తుమందుల చరిత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల మత్తు డాక్టరుగా పనిచేసినవాణ్ని కనుక అందుకు ఒప్పుకున్నాను. అయితే ఆ చరిత్రలో ఒక్క మందు దగ్గరే ఆగిపోతాను, మన్నించండి.

ఆ మందు పేరు కెటమిన్. 1962లో అమెరికాలోని పార్క్ డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశారు. 1970లో అక్కడ మత్తుమందుగా అనుమతి వచ్చింది. సాధారణ మోతాదులో ఊపిరిని, రక్తపోటును పెద్దగా పడిపోనివ్వకుండా నొప్పిని మాయం చేస్తుంది కాబట్టి, పెద్ద యంత్రాలు లేని చిన్న ఊళ్ల ఆపరేషన్ థియేటర్లకు ఇది పెద్ద దిక్కయింది. దీపావళికి కాలిన పిల్లలకు కట్లు మార్చేటప్పుడు నేను ఇచ్చింది ఇదే. పిల్లవాడి కళ్లు తెరిచే ఉంటాయి, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతుంటాయి, నొప్పి మాత్రం వాడికి తెలియదు. తెలివి వచ్చాక, చెరువు మీద ఎగిరానని చెప్పిన పిల్లలున్నారు.

ఇక మా బావ సంగతి చెప్పాలి. మా మేనమామ కొడుకు, పొగాకు రైతు. 2008లో ఆయన తిండి తగ్గించాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చునేవాడు. ధైర్యంగా ఉండమన్నారు ఇంట్లోవాళ్లు, గాలి సోకిందేమో చూపించమన్నారు చుట్టాలు. నేనే ఒంగోలు తీసుకెళ్లి మానసిక వైద్యుడికి చూపించాను. ఆయన దిగులు జబ్బుకు సరైన మాత్రలే రాశారు. తిరిగి వస్తుంటే బస్సులో బావ అడిగాడు: “ఒరే, ఇవి ఎన్నాళ్లకి పనిచేస్తాయిరా?” “మూడు వారాలు ఓర్చుకో బావా” అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ “మూడు వారాలా” అన్నాడు, అంతే. పదిహేడో రోజున మాకు దక్కకుండా పోయాడు. దిండు కింద రెండో మాత్రల షీటు దొరికింది. ఏడు గుంటలు ఖాళీ, మూడు మాత్రలు మిగిలి ఉన్నాయి. ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నాడు.

ఆ పదిహేడు రోజులూ నా బీరువాలో కెటమిన్ సీసాలు ఉన్నాయి.

ఈ మందు దిగులును తగ్గిస్తుందని 2000లోనే యేల్ విశ్వవిద్యాలయం వారు కొద్దిమంది రోగుల్లో గమనించి ప్రకటించారు. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం, వేరే మందులకు లొంగని 18 మందికి, కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల లెక్కన 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించింది. అది మేము పూర్తి మత్తుకు ఇచ్చే దానిలో సగమో పావో. మర్నాటికి 71 శాతం మందికి బాగా తెరిపి ఇచ్చింది. మా బావ పోయేనాటికి ఆ వ్యాసం అచ్చయి రెండేళ్లయింది. నేను చదవలేదు. మత్తు డాక్టరుకు మనసు సంగతి ఎందుకులే అనుకునే రోజులవి, అందుకే ఈ మాట ఇక్కడున్న డాక్టర్లకు పదే పదే చెబుతున్నాను: చదవండి.

దిగులుకు ఇచ్చే పాత మాత్రలు మెదడులోని సెరటోనిన్ వంటి రసాయనాల మీద పనిచేసి, గుణం కనిపించడానికి వారాలు తీసుకుంటాయి. కెటమిన్ దారి వేరు. అది మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం పనిచేసే ఒక గ్రాహకాన్ని, అంటే కణం మీద ఆ రసాయనాన్ని అందుకునే చోటును, అడ్డుకుంటుంది. దీర్ఘకాలపు ఒత్తిడితో మెదడు కణాల మధ్య పలచబడిన లంకెలు, ఈ మందు ఇచ్చిన ఒక్క రోజులోనే మళ్లీ చిగురించడం ఎలుకల్లో కనిపించింది.

అలాగని దీన్ని సంజీవని అని నేను చెప్పను. ఒక్కసారి ఇస్తే చాలామందిలో గుణం వారం పదిరోజుల్లో కరిగిపోతుంది. ఇచ్చేటప్పుడు రక్తపోటు పెరుగుతుంది, తన ఒంటి నుంచి తాను విడిపోయినట్లు అనిపిస్తుంది. అలవాటుగా వాడితే వ్యసనమవుతుంది, మూత్రాశయం పాడవుతుంది. అందుకే 2019లో అమెరికా దిగులుకు అనుమతించిన ముక్కు స్ప్రే, కెటమిన్ రూపమే అయిన ఎస్కెటమిన్‌ను ఇంటికి ఇవ్వరు. ఆసుపత్రిలోనే వాడించి కనీసం రెండు గంటలు కనిపెట్టి చూస్తారు. మన దేశంలోనూ 2013 నుంచి కెటమిన్ కఠినమైన ఎక్స్ షెడ్యూలు, అంటే గట్టి నిఘా ఉండే మందుల జాబితా, కింద ఉంది. ఆ కట్టుబాటు ఉండవలసిందే. నేను అడిగేది ఒక్కటే: జిల్లా ఆసుపత్రిలో ఒక మంచం, ఒక బీపీ మానిటరు, మానసిక వైద్యుడూ మత్తు డాక్టరూ కలిసి కూర్చునే వారానికి రెండు పూటలు. సీసా ఉంది, సూది ఉంది, మనుషులూ ఉన్నారు.

అమ్మా, అది వచ్చేలోపు మీరు చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా దిగులుకు మాత్రలు మొదలుపెడితే, మొదటి మూడు వారాలు వాళ్లను ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అర్ధరాత్రయినా 14416కు, ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్‌కు, ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సభ ముగిశాక నేను వరండాలోనే కూర్చుంటాను. ఆ మూడు వారాల్లో ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే వచ్చి చెప్పండి, పేరు అడగను.