రెండు హ్యాండ్‌సెట్లు ఉన్నంత మాత్రాన రెండు లైన్లు ఉన్నట్టు కాదు

[తెర మీద: క్లినిక్ రిసెప్షన్ బల్ల. పక్కపక్కన రెండు ల్యాండ్‌లైన్లు. ఒకటి ఎత్తి ఉంది, రెండోది ఖాళీగా ఉంది.]

నమస్కారం. చిన్న క్లినిక్ కావచ్చు, ఆడిటర్ ఆఫీసు కావచ్చు, ఎరువుల దుకాణం కావచ్చు. రెండు ల్యాండ్‌లైన్లకు నెలనెలా బిల్లు కడుతూ కూడా "మీ నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజేనండీ" అనిపించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పేషెంటుకి ఫోన్ కలవకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందుకే ఈ వీడియోలో రెండు లైన్ల కార్డ్‌లెస్ ఫోన్ ఎలా ఎంచుకోవాలో వివరంగా చూద్దాం.

ముందు షాపులో జరిగే పొరపాటు సంగతి. డబ్బా మీద "ట్విన్" అనో "డ్యూయో" అనో ఉంటుంది, లోపల రెండు హ్యాండ్‌సెట్లు ఉంటాయి. రెండు ఫోన్లున్నాయి కదా, రెండు లైన్లకూ సరిపోతాయనుకుని తెచ్చేసుకుంటారు. ఆ రెండు హ్యాండ్‌సెట్లూ ఒకే బేస్‌కి, అంటే ఫోన్ వైరు తగిలించే పెట్టెకి, ఒకే నంబరుకి పనిచేస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు మహా అయితే అదే కాల్‌లో కలుస్తారు, విడిగా ఇంకో కాల్ చేసుకోలేరు. అందుకని షాపతన్ని ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో ఇద్దరం ఒకేసారి ఇద్దరు వేర్వేరు బయటివాళ్ళతో మాట్లాడగలమా?" అతను తటపటాయిస్తే బేస్ తిప్పి వెనక చూడండి.

[క్లోజప్: బేస్ వెనక భాగం, రెండు సాకెట్లు]

రెండు లైన్ల ఫోన్ అయితే వెనక సాధారణంగా రెండు సాకెట్లు ఉంటాయి. ఒకదాని దగ్గర "లైన్ 1/2" అని, మరోదాని దగ్గర "లైన్ 2" అని రాసి ఉంటుంది. మొదటి సాకెట్‌లో నాలుగు తీగల వైరు పెడితే రెండు లైన్లూ దాంట్లోంచే వచ్చేస్తాయి.

[క్లోజప్: వేళ్ళ మధ్య పట్టుకున్న ఫోన్ వైరు చివర]

వైరు చివరనున్న ఈ పారదర్శకమైన ప్లాస్టిక్ క్లిప్పుని వెలుతురుకి పెట్టి చూడండి. లోపల బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. రెండే ఉంటే ఆ వైరు ఒక్క లైనే మోస్తుంది. నాలుగుంటే మధ్య రెండూ మొదటి లైనువి, అటూ ఇటూ ఉన్న రెండూ రెండో లైనువి. మన దగ్గర లైన్లు సాధారణంగా విడివిడి వైర్లుగానే వస్తాయి కాబట్టి, మొదటిది "లైన్ 1/2"లో, రెండోది "లైన్ 2"లో పెడితే సరిపోతుంది.

ఇప్పుడు ఫైబర్ కనెక్షన్లే ఎక్కువయ్యాయి కదా. వాటిలో ఫోన్ వైరు ఇంటర్నెట్ పెట్టె వెనకనున్న టెలిఫోన్ సాకెట్ నుంచి వస్తుంది. కొన్ని పెట్టెలకి అలాంటి సాకెట్లు రెండుంటాయి. సాకెట్ ఉన్నంత మాత్రాన రెండో నంబరు వచ్చేసినట్టు కాదు, దాన్ని కంపెనీవాళ్ళు వేరేగా ఆన్ చెయ్యాలి. ఫోన్ కొనకముందే మామూలు ఫోన్ ఒకటి తగిలించి డయల్ టోన్ వస్తుందేమో చూసుకోండి.

ఇక చాలామంది పట్టించుకోని విషయం, హంటింగ్. మీ బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, ప్రిస్క్రిప్షన్ మీద ఉండేది సాధారణంగా మొదటి నంబరే. అందరూ దానికే చేస్తారు. అది బిజీగా ఉంటే, పక్కనున్న రెండో లైను ఎంత ఖాళీగా ఉన్నా, అవతలివాళ్ళకి ఎంగేజ్ టోనే వినిపిస్తుంది. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా దీన్ని మార్చలేదు, ఎందుకంటే కాల్ మీ ఫోన్ దాకా రానేలేదు. మొదటి నంబరు బిజీగా ఉంటే కాల్‌ని రెండోదానికి మళ్ళించే పని ఎక్స్ఛేంజీలో జరగాలి. దాన్నే హంటింగ్ అంటారు. అది లేకపోతే "బిజీగా ఉంటే కాల్ ఫార్వర్డ్" అయినా పెట్టించుకోండి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వడం మంచిది.

లైన్లు సర్దుకున్నాక ఫోన్ అసలు ఏం చెయ్యాలో ఒకసారి చూడండి.

[దృశ్యం: రిసెప్షన్. రెండో లైనులో వచ్చిన కాల్‌ని హోల్డ్‌లో పెట్టి, రిసెప్షనిస్టు ఇంటర్‌కామ్ నొక్కుతుంది.]

రిసెప్షనిస్టు: సార్, రెండో లైన్లో ల్యాబ్ వాళ్ళున్నారండీ. నిన్నటి పొటాషియం రిపోర్టు గురించట.

డాక్టరు: సరేనమ్మా, నేను మాట్లాడతాను.

[డాక్టరు తన హ్యాండ్‌సెట్ మీద లైన్ 2 నొక్కుతారు. అంతలో లైన్ 1 మోగుతుంది.]

రిసెప్షనిస్టు: నమస్తే అండీ... రేపు పొద్దున పదిన్నరకి ఖాళీ ఉందండీ. పేషెంటు పేరు చెప్పండి.

ఇక్కడ ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఒక హ్యాండ్‌సెట్ హోల్డ్‌లో పెట్టిన కాల్‌ని ఇంకో హ్యాండ్‌సెట్ అందుకోవడం, ఏ లైను మోగుతోందో చూడకుండానే తెలిసేలా రెండు లైన్లకీ వేర్వేరు రింగ్‌టోన్లు, ఏ లైను వాడకంలో ఉందో చూపించే లైటు. ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆన్సరింగ్ మెషీన్, మాట్లాడే కాలర్ ఐడీ లాంటివి ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

అయితే ఇలాంటి ఫోన్ దొరికేదెక్కడ? మన మార్కెట్లో కనిపించే కార్డ్‌లెస్‌లలో చాలామటుకు ఒక లైనువే. రెండు లైన్లవి ఎక్కువగా అమెరికాలో అమ్ముతారు. అందుకే అక్కడున్న పిల్లల్ని "వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా నాన్నా" అని అడిగేవాళ్ళు కొందరు. దయచేసి అలా తెప్పించకండి.

[తెర మీద: పక్కపక్కన రెండు గీతలు. 1880–1900 మెగాహెర్ట్జ్, 1920–1930 మెగాహెర్ట్జ్]

అమెరికా ఫోన్ల డబ్బా మీద "డెక్ట్ 6.0" అని ఉంటుంది. డెక్ట్ అంటే బేస్, హ్యాండ్‌సెట్ ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే రేడియో పద్ధతి. ఆ 6.0 అక్కడి మార్కెటింగ్ పేరు మాత్రమే, ఆరు గిగాహెర్ట్జ్ అని కాదు. ఆ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఇక్కడ అమ్మే డెక్ట్ ఫోన్లవి 1880 నుంచి 1900. మన దేశంలో 1920 నుంచి పైన ఉన్న ఆ భాగాన్ని మొబైల్ కంపెనీలకి ఇచ్చారు. మన చేతిలోని మొబైల్ టవర్‌కి సిగ్నల్ పంపే దారుల్లో ఇదొకటి. మీ బేస్ అదే దారిలో అరుస్తూ కూర్చుంటే, చుట్టుపక్కలవాళ్ళ మాట టవర్‌కి సరిగ్గా వినిపించదు. పైగా ఇక్కడ వాడటానికి దానికి అనుమతి లేదు. అడాప్టర్ కూడా 120 వోల్టులదే అయితే మన 230లో పెట్టగానే కాలిపోతుంది.

మరి ఇక్కడ దారేమిటి? నన్నడిగితే రెండు లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు (గదుల్లోని ఫోన్లకి వెళ్ళే కనెక్షన్లు) ఉండే చిన్న ఇంటర్‌కామ్ పెట్టె, అంటే ఈపీఏబీఎక్స్, పెట్టించుకోండి. దాని ఎక్స్‌టెన్షన్లకి ఇక్కడ దొరికే మామూలు ఒక లైను కార్డ్‌లెస్‌లు తగిలించండి. రెండు మూడు డెక్ట్ బేస్‌లు దగ్గర దగ్గరగా ఉన్నా పరవాలేదు, ఖాళీ ఛానల్ ఏదో అవే వెతుక్కుంటాయి. ఒక హ్యాండ్‌సెట్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు, రేపు ఇంకో గది కట్టుకుంటే ఇంకో ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు. రెండు లైన్ల కార్డ్‌లెస్‌కి ఈ సౌకర్యం తక్కువ.

దీంట్లో చూసుకోవలసింది ఫ్లాష్ బటన్. కాల్ ట్రాన్స్‌ఫర్ చెయ్యాలంటే కార్డ్‌లెస్ మీద "ఫ్లాష్" లేదా "ఆర్" అని ఉన్న బటన్ నొక్కాలి. అది లైన్‌ని రెప్పపాటు తెంచి మళ్ళీ కలుపుతుంది. ఎంతసేపు తెంచాలన్నది ఫోన్ సెట్టింగ్‌లో ఉంటుంది. అది పెట్టెకి నప్పకపోతే నొక్కిన ప్రతిసారీ కాల్ కట్ అవుతుంది, లేదా అసలేమీ జరగదు. ఫోన్ పాడైందనుకుని వెనక్కి ఇచ్చెయ్యకుండా ఆ ఫ్లాష్ టైమ్ మార్చి చూడండి. అలాగే కాలర్ ఐడీ ఎక్స్‌టెన్షన్ల దాకా వచ్చే పెట్టేనా అని కొనేముందే అడగండి.

పది పన్నెండు మంది ఉన్న ఆఫీసు అయితే ఇంటర్నెట్ మీద నడిచే డెక్ట్ బేస్‌లు ఉన్నాయి. యాలింక్ డబ్ల్యూ70బీ అనే బేస్ పది హ్యాండ్‌సెట్లకి, ఒకేసారి పది కాల్స్‌కి పనికొస్తుంది. దానికి సిప్ నంబర్లు, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ నంబర్లు, తీసుకోవాలి. చిన్న క్లినిక్‌కి అంత అవసరం లేదు.

అమెరికాలో ఇంటి నుంచే ట్యాక్స్ ఆఫీసో రియల్ ఎస్టేట్ పనో చూసుకునేవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, మీకు మాత్రం రెండు లైన్ల కార్డ్‌లెస్ చక్కగా సరిపోతుంది. ఒక లైను ఇంటికి, ఒకటి ఆఫీసుకి. ఇంటర్నెట్ ఫోన్ సర్వీసు వాడుతుంటే గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ802 లాంటి రెండు ఫోన్ సాకెట్ల అడాప్టర్ తీసుకుని, రెండింటినీ బేస్‌లోకి కలపండి. రాత్రి తొమ్మిదయ్యాక ఆఫీసు లైను ఒక్కటే మోగకుండా ఆపే సెట్టింగ్ ఉన్న ఫోన్ చూసుకోండి, పిల్లలు నిద్ర లేవరు.

ఇప్పుడు కరెంటు సంగతి. పాత వైరు ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి అదే తీగలో వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. కార్డ్‌లెస్ బేస్‌కి గోడ ప్లగ్గే ఆధారం. ఫైబర్ పెట్టెకీ అంతే. కాబట్టి ఫైబర్ పెట్టె, ఇంటర్‌కామ్ పెట్టె, బేస్, మూడింటినీ ఇన్వర్టర్ సాకెట్‌లో పెట్టండి. రౌటర్ కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌ని బేస్‌కి తగిలించేముందు, బేస్ అడాప్టర్ మీద "అవుట్‌పుట్" అన్న చోట ఎన్ని వోల్టులో చదవండి. చాలావాటికి ఐదున్నరో ఆరున్నరో ఉంటుంది. 12 వోల్టులు ఇస్తే బేస్ పోయినట్టే.

బేస్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. డబ్బా మీద బయట 300 మీటర్లు, లోపల 50 మీటర్లు అని రాస్తారు. ఇనప బీరువా పక్కన పెడితే అంత రాదు. ఎక్స్‌రే గది గోడల్లో సీసం రేకు ఉంటే సిగ్నల్ అటువైపు వెళ్ళదు. బ్యాటరీలు బయట దొరికే ఎన్ఐఎంహెచ్ ట్రిపుల్-ఏ రీఛార్జబుల్స్ అయ్యుండాలి. గోడ గడియారం సెల్స్ పొరపాటున కూడా వెయ్యకండి, ఛార్జింగ్‌లో కారిపోతాయి.

ఫోన్‌బుక్‌లో నంబర్లు ఎక్కించేటప్పుడు మొబైల్ నంబర్ల ముందు సున్నా పెట్టండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చెయ్యాలంటే అది తప్పనిసరి. మిస్డ్ కాల్ లిస్టులో నంబరు సున్నా లేకుండా కనిపిస్తే, ముందు సున్నా చేర్చి చెయ్యండి.

[దృశ్యం: బల్ల మీద రెండు మొబైల్ ఫోన్లు. ఒక చెయ్యి నంబరు నొక్కుతుంటుంది.]

అన్నీ బిగించాక, లైన్‌మన్ వెళ్ళకముందే, రెండు మొబైల్స్ తీసుకోండి. మొదటిదాంతో మీ బోర్డు మీదున్న నంబరుకి చేసి, ఎత్తి, అలాగే ఉంచండి. రెండోదాంతోనూ అదే నంబరుకి చెయ్యండి. రెండో లైను మోగితే హంటింగ్ పడినట్టు. ఎంగేజ్ వస్తే ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి ఎక్స్ఛేంజీకి ఫోన్ చేయించండి.