బొటనవేలితో నొక్కకండి

అధ్యక్షులవారికి, కార్యదర్శి గారికి, ఈ అపార్ట్‌మెంటు అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. వెనక నీళ్ల క్యాను దగ్గర నిలబడ్డ పెద్దాయనా, ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి. వేసవి పండ్లు, ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. ఆరోగ్యం సంగతి డాక్టరమ్మ గారు చెప్పేశారు. నేను ఆగిరిపల్లి పక్కన మామిడితోట చేసుకునేవాణ్ణి. నాకు తెలిసింది కాయ. దాని గురించే చెబుతాను.

బజారులో మామిడిపండు ఎలా ఎంచుతారు? నూటికి తొంభైమంది బొటనవేలితో నొక్కుతారు. ఆ వేలి గురించి చెప్పడానికే నేను ఇవాళ వచ్చాను.

ఒక ఏడు మే నెలలో చిన్న రసాలు ఆటోలో వేసుకుని విజయవాడ వచ్చి ఒక కాలనీ మొదట్లో పెట్టుకున్నాను. చెట్టు మీద ముదిరాక చిక్కంతో ఒక్కో కాయా దించి, వరిగడ్డిలో మాగేసిన పండ్లు. రేకు తీస్తే సందు చివరి దాకా వాసన. మొదట వచ్చినాయన ఒక పండు తీసి నొక్కాడు, పెట్టేశాడు. రెండోది నొక్కాడు, పెట్టేశాడు. పదో పండు దగ్గర రెండు కిలోలు తీసుకున్నాడు. తర్వాత వచ్చినామె ఆయన నొక్కినవే మళ్లీ నొక్కింది. నొక్కినప్పుడు పైకి ఏమీ కనపడదండీ. కాసేపటికి లోపల గుజ్జు నీరుకారుతుంది, తోలు కమిలి నల్లబడుతుంది. మధ్యాహ్నానికి పై వరసంతా వేలిముద్రలే. సాయంత్రం ఒకాయన వచ్చి, "ఇవన్నీ దెబ్బ తిన్నవే, సగం ధరకిస్తావా?" అన్నాడు. దెబ్బ ఎవరు కొట్టారు? ఏడాదంతా దుక్కి, నీళ్లు, మందులు, కాపలా. చెట్టు మీద నుంచి దెబ్బ తగలకుండా దించిన పండు మీ వీధిలో, మీ చేతుల్లో దెబ్బ తిన్నది. ఆ రోజు మిగిలినవి వెనక్కి తీసుకెళ్లి గొడ్లకు వేశాం.

నొక్కకపోతే ఎలా తెలుస్తుందని అడుగుతారు. వాసన చూడండి. పండును ముక్కు దగ్గర పెట్టుకుని ముచ్చిక దగ్గర, అంటే కాడ ఉండే చోట, వాసన పట్టండి. చక్కగా మాగిన పండు అక్కడే చెబుతుంది. తోలు పసుపుపచ్చగా మెరుస్తూ, ముచ్చిక దగ్గర ఏ వాసనా లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి. తర్వాత భుజాలు చూడండి. ముదిరిన బంగినపల్లికి ముచ్చిక చుట్టూ చిన్న గుంట పడి, రెండు భుజాలూ పైకి లేస్తాయి. లేతకాయకు భుజాలు జారి ఉంటాయి. ఇంటికెళ్లాక బకెట్టు నీళ్లలో వేసి చూడండి, ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. రంగును మాత్రం నమ్మకండి. హిమాయత్ రకం మామిడి పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. దాన్ని పచ్చికాయ అని పక్కన పెట్టేవాళ్లను ఎంతమందిని చూశానో!

మొన్న ఉగాదికి ఈ ఊళ్లో పసుపుపచ్చటి మామిడిపండ్లు అమ్మారు. మీలో కొందరు కొనే ఉంటారు. అమ్మా, ఒక్కసారి లెక్క వేయండి. మాకు సంక్రాంతి వేళకు చెట్టు పూత మీద ఉంటుంది. పిందె కట్టాక బంగినపల్లి ముదరడానికి మూడు నెలల పైన పడుతుంది. ఉగాదికి చాలా కాయల్లో లోపలి జీడికి ఇంకా గట్టి టెంక కట్టదు. మన పెద్దలు ఉగాది పచ్చడిలో వేసింది కూడా పచ్చిమామిడి ముక్కలే కదా! ఆ రోజే పండు కావాలని మీరు అడిగితే, ఎవరో ఒకరు లేతకాయ కోసి దాని అడుగున కార్బైడు పొట్లం పెడతారు. అది గ్యాస్ వెల్డింగు వాళ్లు వాడే రాయి. తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఆ రాయిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే దానితో పండ్లు మాగేయడం నిషేధం. ఇథిలీన్ వాయువుతో గదుల్లో మాగేయడానికి అనుమతి ఉంది, అదీ పది లక్షల పాళ్లకు 100 పాళ్ల లోపు. కానీ ఏ వాయువూ లేతకాయకు తీపి పోయలేదు. తోలుకు రంగొస్తుంది, టెంక దగ్గర కోస్తే తెల్లగా, పుల్లగా ఉంటుంది.

తనిఖీలు జరగాలి, అమ్మేవాడికి శిక్ష పడాలి, కాదనను. కానీ తొందరపడి కోసినవాడికి మార్చిలో మంచి ధర వస్తుంది. కాయ ముదిరేదాకా ఆగిన రైతు మేలో విజయవాడ దగ్గరి నున్న ఊరి మామిడి మార్కెట్‌కు వెళ్తే అందరి సరుకూ ఒక్కసారే దిగి ధర పడిపోతుంది. ఇక ఆగేదెవడు? అయ్యా, మీరు ఆగితేనే మేం ఆగగలం.

మచ్చల గురించి కూడా చెప్పాలి. ముచ్చిక నుంచి కారిన సొన మరక, ఆకు రాసుకున్న గీత, వీటివల్ల పండుకేమీ కాదు. చిన్న రంధ్రం పడి, దాని చుట్టూ మెత్తబడి రసం కారుతుంటే మాత్రం తీసుకోకండి. అది పండు ఈగ గుడ్లు పెట్టిన చోటు, లోపల పురుగుంటుంది. మచ్చ లేని పండంతా మందు పండే అనుకోకండి, ఇప్పుడు చాలామంది రైతులు కాయలకు కాగితం కవర్లు కడుతున్నారు. పుచ్చకాయకైతే నేలకు ఆనిన చోట పసుపు మచ్చ ఉండాలి. ఆ మచ్చ తెల్లగా ఉంటే కాయ ముదరలేదు. సీతాఫలం ఇప్పుడు అడగొద్దు, అది వానలు వెళ్లేటప్పటి పండు. అప్పుడు దాని కళ్లు విచ్చుకున్నాయో లేదో చూసి తీసుకోండి, దాన్నీ నొక్కకండి.

కార్యదర్శి గారు టైము చూపిస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. మేలో రసాలు ముదిరాక ఈ అపార్ట్‌మెంటుకు కాయలు పచ్చిగానే తెస్తాను. గంపలో గడ్డి పరిచి ఇస్తాను. గాలాడే గదిలో పెట్టుకోండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. మూడో రోజు నుంచి గడ్డి తీసి వాసన చూడండి, మాగినవి ఏరుకుని తినండి, మిగిలినవాటి మీద మళ్లీ గడ్డి కప్పండి. కావలసినవాళ్లు ఫ్లాటు నంబరు కార్యదర్శి గారి దగ్గర రాయించండి. డబ్బులు పండు తిన్నాకే ఇవ్వండి. నమస్కారం.