ఎపిసోడ్ 41: సున్నా నుంచి సెయింట్ లూయిస్ దాకా (మధ్యలో అలెన్‌టౌన్‌లో ఇరుక్కుపోయాం)

[00:00]

సుధ: నమస్తే అందరికీ. ఎండాకాలంలో కూర్చుని ఐస్ హాకీ పాడ్‌కాస్ట్ వింటున్నారంటే మీకు వేరే పనేం లేదన్నమాట. మాకూ లేదు. ఇవాళ అమెరికా కాలేజీ హాకీలో పెన్ స్టేట్ యూనివర్సిటీ 2024-25 సీజను. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నెలనెలా చెప్పుకుందామని కిట్టు లిస్టు రాసుకొచ్చాడు.

కిట్టు: ఏడు పాయింట్లక్కా. ఈసారి ఏడూ అవగొట్టేద్దాం.

సుధ: పోయినసారీ ఏడే అన్నావు.

కిట్టు: పోయినసారి మూడో పాయింటు దగ్గర బండి ఆపింది ఎవరో?

సుధ: ఆ సంగతి ఎత్తకు. మొదలెట్టు.

కిట్టు: ఒకటి. బయటి కాన్ఫరెన్సుల, అంటే వేరే లీగుల, టీములతో బాగానే ఆడారు. సొంత కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌లోకి రాగానే మొదటి ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు. మొత్తం 24 ఆడాలి, అందులో మూడోవంతు అలా గాలికి పోయింది.

సుధ: 2024 ఐపీఎల్‌లో ఆర్‌సీబీ లాగా. మొదటి ఎనిమిదింటిలో ఏడు ఓడి, తర్వాత వరసగా ఆరు గెలిచి, నెట్ రన్ రేట్ మీద లోపలికి దూరారు.

కిట్టు: అచ్చం అంతే. వాళ్ళకి నెట్ రన్ రేట్, వీళ్ళకి జాతీయ టోర్నమెంటుకి టీముల్ని ఎంచిన ర్యాంకింగు, పెయిర్‌వైజ్. చివరికి బిగ్ టెన్‌లో 9 గెలుపులు, 11 ఓటములు, 4 టైలు, ఐదో స్థానం. ఏడు టీముల్లో ఐదోవాడు జాతీయ టోర్నమెంటు ఆడటమేంటని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. ఆ బయటి మ్యాచుల్లో దాచుకున్న గెలుపులే కాపాడాయి.

సుధ: కోచ్ గడౌస్కీ పద్ధతి కూడా చెప్పాలి. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గోల్ మీదకి కొట్టడమే. షాట్ల లెక్కలో పెన్ స్టేట్ ఎప్పుడూ పైనే ఉంటుంది. గోల్స్ రానప్పుడు అదే షాట్ల లెక్క చూసి జనం తిడతారు, వచ్చినప్పుడు అదే లెక్క చూసి మెచ్చుకుంటారు.

కిట్టు: దానికి ఐస్ కూడా కారణమే. పీరియడ్ చివర్లో ఐస్ గీతలు పడి, పొడి మంచు పేరుకుని, పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ళ, ఎగురుతుంది. అప్పుడు ముచ్చటగా మూడు పాసులు ఇచ్చుకునే టీము ఇబ్బంది పడుతుంది. ఊరికే గోల్ ముందుకి కొట్టి రీబౌండ్ కోసం దూకే టీముకి ఆ ఐసే చుట్టం.

సుధ: డబ్బాలో డాలరు వెయ్యి. ఐస్ గురించి ఎత్తితే డాలరు అనుకున్నాంగా.

కిట్టు: అప్పుడేనా? నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

సుధ: రూలు రూలే.

[04:10]

సుధ: ఒక శ్రోత పంపిన ప్రశ్న. శుక్రవారం ఓడి శనివారం గెలిస్తే సరిసమానం కదా, మరి సొంతూళ్ళో అలా జరిగితే మీరిద్దరూ ఎందుకు నెత్తి కొట్టుకుంటారు అని.

కిట్టు: నా రెండో పాయింటు అదే. సరిసమానం కాదండీ. ఆ సీజను దాకా పెయిర్‌వైజ్‌కి ఆధారమైన ఆర్‌పీఐ లెక్కలో సొంతగడ్డ మీద గెలిస్తే 0.8 గెలుపు, ఓడితే 1.2 ఓటమి. బయట గెలిస్తే 1.2, ఓడితే 0.8. ఇంట్లో ఒకటి గెలిచి ఒకటి ఓడారనుకోండి. 0.8ని 2తో భాగించండి, 40 శాతం. అదే పని పక్కవాడి రింకులో చేస్తే 1.2ని 2తో భాగించాలి, 60 శాతం. మన వారాంతం ఒకటే, కాగితం మీద ఇరవై శాతం తేడా.

సుధ: ఈ గెలుపు శాతం బరువు పావు వంతే. ప్రత్యర్థుల గెలుపు శాతం 21, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులది 54. అంటే సగం పైన నీ చేతిలో లేనేలేదు. అక్టోబరులో నువ్వు ఓడించినవాడు ఫిబ్రవరిలో చతికిలబడితే నీ లెక్క కూడా కిందికి జారుతుంది.

కిట్టు: పైగా టాప్ 20లో ఉన్నవాణ్ణి కొడితే బోనసు. ఒకటో స్థానానికి 0.05, అక్కడి నుంచి మెట్లు దిగుతూ ఇరవయ్యో స్థానానికి 0.0025. షూటౌట్‌లో గెలిస్తే కాన్ఫరెన్స్ పట్టికలో అదనపు పాయింటు వస్తుంది, పెయిర్‌వైజ్‌లో మాత్రం అది టై కిందే లెక్క. స్కోరు చూసి గంతులేసేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

సుధ: 2025-26 సీజను నుంచి పెయిర్‌వైజ్ పోయి ఎన్‌పీఐ అనే కొత్త ర్యాంకింగు వచ్చింది. దాని మీద వేరే ఎపిసోడు.

కిట్టు: వేరే ఎపిసోడ్లు ఇప్పటికి పదకొండు బాకీ ఉన్నాం.

[07:35]

కిట్టు: సరే, మూడో పాయింటు. మార్చి. బిగ్ టెన్ క్వార్టర్ ఫైనల్. మూడింటిలో రెండు గెలవాలి. ఐదోవాడు నాలుగోవాడి ఇంటికెళ్ళాలి. నాలుగోవాడు ఎవరంటే...

సుధ: తెలుసు. నా టీమే.

కిట్టు: రికార్డు కోసం చెప్పాలి కదక్కా. మిషిగన్. యాన్ ఆర్బర్, యోస్ట్ ఐస్ అరీనా. రెండుకి రెండూ పెన్ స్టేట్ గెలిచింది.

సుధ: చెప్పేశావుగా. పద.

కిట్టు: ఆ రెండు ఓటములతో మిషిగన్ టోర్నమెంటు గీత కింద మిగిలిపోయింది. తొమ్మిది జాతీయ టైటిళ్ళున్న టీము మిగతావాళ్ళ ఫలితాల కోసం చూస్తూ కూర్చుంది, చివరికి రాలేదు.

సుధ: ఇందాకటి లెక్కే ఇక్కడ పెట్టుకో. ఇంట్లో రెండు ఓడితే 2.4 ఓటములు. సీజన్ చివర్లో పాయింట్లు తెచ్చుకునే మ్యాచులు ఇక లేవు. అందుకే ఒక్క వారాంతంలో మునిగింది. దీన్ని ఎవరి మీదా తోసెయ్యను. డిఫెన్స్ పట్టు లేదు, అంతే. కానీ తర్వాత జరిగింది చూడు, అక్కడే నాకు మండేది. అలెన్‌టౌన్.

కిట్టు: అది ఐదో పాయింటు. నాలుగోది ఒహాయో స్టేట్ చేతిలో సెమీస్...

సుధ: ఓవర్‌టైమ్‌లో ఓడారు, అయిపోయింది నాలుగు. అలెన్‌టౌన్ చెప్పు. జాతీయ టోర్నమెంటు మొదటి రెండు రౌండ్లు, అంటే రీజనల్స్. 16 టీములు, నాలుగు ఊళ్ళు, ఊరికి నాలుగు. పెన్ స్టేట్ నాలుగో శ్రేణి సీడ్. అంటే అడుగు వరస. అయినా వాళ్ళకి మూడు గంటల లోపు డ్రైవులో ఉన్న రింకు దొరికింది. మొదటి శ్రేణి సీడ్ మెయిన్ యూనివర్సిటీకి ఏం దొరికింది? వాళ్ళ ఊరు ఒరోనో నుంచి బయల్దేరిన అభిమానికి రోజంతా స్టీరింగే. హాకీ ఈస్ట్ కాన్ఫరెన్స్ ఛాంపియన్ వాడు!

కిట్టు: రూలది. ఆ రీజనల్‌కి ఆతిథ్య విశ్వవిద్యాలయం పెన్ స్టేట్. ఆతిథ్య టీము టోర్నమెంటుకి అర్హత సాధిస్తే అక్కడే ఆడించాలి. ఆతిథ్యం కోసం బిడ్లు సీజన్‌కి ఎంతో ముందే వేస్తారు, ఎవడు ఏ సీడ్ అవుతాడో అప్పుడు దేవుడికి కూడా తెలీదు.

సుధ: రూలు ఉందని తెలుసు. రూలు తప్పంటున్నా. తటస్థ వేదిక అని బోర్డు పెట్టి, స్టాండ్స్ నిండా పెన్ స్టేట్ నీలం తెలుపు చొక్కాలు కూర్చోబెడితే అది తటస్థం ఎలా అవుతుంది?

కిట్టు: 2023లో కూడా అదే అలెన్‌టౌన్, అదే రూలు, అదే చొక్కాలు. మిషిగన్ టెక్‌ని 8-0 కొట్టి, రెండు రోజుల తర్వాత నీ మిషిగన్ చేతిలోనే 2-1 ఓడారు, ఓవర్‌టైమ్‌లో మొదటి నిమిషంలోనే. అప్పుడు తటస్థం గురించి నువ్వు ఒక్క మాటన్నావా?

సుధ: ...అప్పుడు గెలిచాం కదరా.

కిట్టు: ఒప్పుకున్నావుగా, చాలు.

సుధ: ఆగు, ఒప్పుకోలేదు. నేను అడిగేది వేరు. మొదటి రౌండు ఎనిమిది పై సీడ్ల ఇళ్ళల్లో పెట్టు. మహిళల టోర్నమెంటులో క్వార్టర్స్ పై సీడ్ల క్యాంపస్‌లోనే ఆడతారు. వాళ్ళకి కుదిరింది వీళ్ళకెందుకు కుదరదు?

కిట్టు: చెప్తా. ఆదివారం బ్రాకెట్ వస్తుంది, గురువారం మ్యాచ్. నాలుగు రోజుల్లో టికెట్లు అమ్మాలి. మెయిన్ వాళ్ళ ఆల్ఫండ్ అరీనా అయిదువేల సీట్ల బిల్డింగు. అందులో బయటి మూడు టీములకి డ్రెస్సింగ్ రూములు, సామాను ఆరబెట్టుకునే చోటు, ప్రాక్టీసు ఐస్ టైము కావాలి. ఒక్కో గోలీ ప్యాడ్లు తడిస్తే పొద్దుటికి ఆరాలంటే ఫ్యాన్లు పెట్టాలి. మూడు టీములకి హోటళ్ళు, టీవీ వాళ్ళ ట్రక్కు...

సుధ: మూడు టీములెందుకు? నేను ఎనిమిది ఊళ్ళన్నా. ఊరికి ఒక్క అతిథి. 2025లో బిగ్ టెన్ క్వార్టర్స్ అలాగే జరిగాయిగా, అంతకుముందు వారాంతం దాకా ఎవడు ఎక్కడ ఆడతాడో తెలీకుండానే. ఒక బస్సు వస్తుంది, ఆడతారు, వెళ్తారు.

కిట్టు: అప్పుడు ఒక వారం పొడుగవుతుంది. మొదటి రౌండు ఒక వారం, రెండోది ఇంకో వారం. ఎక్కడ పెడతావు?

సుధ: రీజనల్స్ మార్చి 30న అయిపోయాయి. చివరి నాలుగు టీముల ఫ్రోజెన్ ఫోర్ ఏప్రిల్ 10న మొదలైంది. మధ్య వారాంతం ఏం చేశారు?

కిట్టు: ...ఖాళీ.

సుధ: ఖాళీ! ఆ వారమే కావాలి నాకు.

కిట్టు: ఆ ఖాళీ వారం సంగతి నేనసలు లెక్కలోకి తీసుకోలేదు. సరే, క్యాలెండరు మీద నువ్వు గెలిచావు. ఐస్ మీద మాత్రం ఒప్పుకోను.

సుధ: డాలరు.

కిట్టు: వేస్తా, కానీ ఇది పనికొచ్చే మాట. క్యాంపస్ రింకులన్నీ ఒక కొలతలో ఉండవు. మామూలుగా 200 అడుగుల పొడవు, 85 వెడల్పు. మినెసోటా వాళ్ళ మారియుచ్చి అరీనా 2023 దాకా వంద అడుగుల వెడల్పు ఉండేది. పదిహేను అడుగులు ఎక్కువైతే బోర్డు దగ్గరున్న డిఫెన్స్ ఆటగాడు గోల్ ముందుకి రావడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. గోలీకి కోణాలు మారిపోతాయి. ఏడాదంతా అక్కడే ఆడినవాడికి అది అలవాటు, వచ్చినవాడికి గురువారం పొద్దున ఒక్క ప్రాక్టీసు. అరుపులకన్నా అది పెద్ద సొంతగడ్డ.

సుధ: అది పై సీడ్ సంపాదించుకున్నది. అడుగు సీడ్‌కి బిడ్ కాగితం మీద వచ్చింది కాదు.

కిట్టు: హ్మ్. ఆ మాట బావుంది. నాకు నచ్చలేదు, కానీ బావుంది.

[17:50]

సుధ: సరే, పాపం, మ్యాచులు చెప్పు. నేనే మింగేశాను.

కిట్టు: మెయిన్ మీద 5-1. ఎవరూ అనుకోలేదు. తర్వాత యూకాన్, అంటే కనెక్టికట్ యూనివర్సిటీ. ఇక్కడ అసలు రుచి. పెన్ స్టేట్ గోలీ సెర్గీవ్ అంతకుముందు రెండేళ్ళు యూకాన్‌లోనే ఉన్నాడు. ప్రాక్టీసులో వాళ్ళ షాట్లు ఎన్ని వేలు ఆపాడో. వాళ్ళకీ ఇతని బలహీనతలు తెలుసు, ఇతనికీ వాళ్ళ చేతివాటం తెలుసు. 2-2, ఓవర్‌టైమ్, పెన్ స్టేట్ ఆటగాడు డిమార్సికో గోల్. 3-2. హాకీ ఈస్ట్ ఫైనల్ ఆడిన రెండు టీములనీ ఒకే వారాంతంలో ఇంటికి పంపారు. ఆ స్కూలుకి మొదటి ఫ్రోజెన్ ఫోర్. డివిజన్ వన్‌లోకి వచ్చింది 2012లో, సొంత రింకు పెగులా అరీనా 2013లో.

సుధ: అది బాగా ఆడారు. అందులో మాట్లాడటానికేం లేదు. టోర్నమెంటు ఓవర్‌టైమ్ అయిదుగురికి అయిదుగురు, 20 నిమిషాల పీరియడు, గోల్ పడేదాకా. రెగ్యులర్ సీజన్‌లో ముగ్గురికి ముగ్గురు, 5 నిమిషాలు. రెండూ ఒకే ఆట కాదు.

కిట్టు: ఐస్ కూడా ఒకటి కాదు! రెగ్యులర్ సీజన్‌లో ఆ 5 నిమిషాలకి ముందు ఐస్ కొత్తగా వెయ్యరు, మూడో పీరియడ్ చెత్త మీదే ఆడతారు. టోర్నమెంటులో పూర్తి విరామం, ఐస్ కొత్తగా వేసే బండి, జాంబోనీ తిరుగుతుంది. ముందు బ్లేడు పైపొరని పల్చగా గీకుతుంది, మర పొడిని ట్యాంకులోకి లాగుతుంది, కడిగే నీళ్ళు గీతల్లో మురికిని లేపుతాయి, వెనక గుడ్డ వేణ్ణీళ్ళు పరుస్తుంది. 60, 70 డిగ్రీల సెల్సియస్ నీళ్ళు.

సుధ: వేణ్ణీళ్ళు ఎందుకని అడగను. అడిగితే ఇంకో అరగంట.

కిట్టు: అడక్కపోయినా చెప్తా. వేడినీళ్ళు కింది పొరని కాస్త కరిగించి దానితో కలిసి గడ్డకడతాయి, వాటిలో కరిగిన గాలి కూడా తక్కువ. చన్నీళ్ళు పోస్తే పై పొర వేరుగా నిలబడి, స్కేటు తగలగానే పెచ్చులూడుతుంది. అలాగని ఎక్కువ పోస్తే 15 నిమిషాల్లో గడ్డకట్టదు, పక్ నీళ్ళలో ఆగిపోతుంది. బ్లేడు మొద్దుబారితే ఐస్ మీద దువ్వెన గీతల్లా అలలు. బోర్డుల పక్కకి బండి పూర్తిగా వెళ్ళదు, అక్కడ ఐస్ గట్టులా పెరుగుతుంది, వారం వారం చిన్న మిషనుతో చెక్కాలి. మొత్తం మందం అంగుళం, అంగుళంపావు. దాటితే కింద పైపుల చలి పైకి అందదు.

సుధ: మూడు డాలర్లు.

కిట్టు: రెండే! అదంతా ఒకటే వాక్యం.

సుధ: ఆరో పాయింటు సెయింట్ లూయిస్. నేనే చెప్పేస్తా. బోస్టన్ యూనివర్సిటీ 3, పెన్ స్టేట్ 1. ఫైనల్లో ఆ బోస్టన్‌ని వెస్టర్న్ మిషిగన్ 6-2 కొట్టింది. 22 గెలుపులు, 14 ఓటములు, 4 టైలతో పెన్ స్టేట్ సీజను ముగిసింది.

కిట్టు: ఆరు నెలల సీజన్‌ని అంత పొట్టిగానా?

సుధ: అలెన్‌టౌన్‌లో ఖర్చయిపోయింది టైము. ఏడోది ఏంటి?

కిట్టు: మెకెన్నా. ఇదివరకు కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడితే కాలేజీకి దారి మూసుకుపోయేది. 2025 ఆగస్టు 1 నుంచి ఆ అడ్డు లేదు. ఆ లీగుల స్టార్ గావిన్ మెకెన్నా 2025-26 సీజనుకి పెన్ స్టేట్‌కి వచ్చాడు.

సుధ: అంటే ఆ చొక్కాలు ఇంకా ఎక్కువన్నమాట.

కిట్టు: టికెట్లు దొరకవు. రోర్ జోన్ అయితే అసలు మాట్లాడక్కర్లేదు. గోల్ వెనక గోడలా నిటారుగా లేచిన విద్యార్థుల స్టాండు, వచ్చిన గోలీకి పీరియడంతా చెవిలో జోరీగే. అక్కా, ఒక్కటి, పక్‌ని మ్యాచ్‌కి ముందు ఫ్రీజర్‌లో ఎందుకు పెడతారంటే...

సుధ: కిట్టూ.

కిట్టు: రబ్బరు కదా, వెచ్చగా ఉంటే బంతిలా ఎగురుతుంది. ఆటలో ఒకటి వెచ్చబడగానే రిఫరీ పెనాల్టీ బాక్స్ పక్కనున్న...

సుధ: డబ్బా నిండింది, మూత కూడా పట్టట్లేదు. ఉంటామండీ.