పట్టాలు తీశాక మిగిలేది

అందరికీ నమస్కారం.

మూతపడిన రైలుమార్గాన్ని నడకకూ సైకిళ్లకూ బాటగా మార్చడమంటే పట్టాలు పీకి మట్టి పోయడమేననుకుంటారు. అసలు పని నీళ్ల దగ్గర మొదలవుతుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో సెంట్రల్ బాటనే తీసుకోండి. క్లైడ్ నుంచి మిడిల్‌మార్చ్ దాకా 152 కిలోమీటర్లు. 1990లో రైళ్లు ఆగాయి, 1993లో ప్రభుత్వ పరిరక్షణ శాఖ కట్టను తీసుకుంది, 2000లో బాట పూర్తిగా తెరిచారు. ఎంత ఎత్తెక్కే చోటైనా 50 మీటర్లకు 1 మీటరే. ఆవిరి ఇంజన్ కోసం వేసిన ఆ వాలు ఇవాళ ముసలివాళ్ల మోకాళ్లకు కలిసొచ్చింది.

రైళ్లు తిరిగినన్నాళ్లూ గ్యాంగ్‌మన్‌లు తూములు, పక్క కాలువలు శుభ్రం చేసేవారు. వాళ్లు వెళ్లాక తూముల్లో పూడిక చేరి, గుట్టను కోసిన చోట నీళ్లు నిలుస్తాయి. అది తేల్చకుండా పైన ఏం పోసినా కొట్టుకుపోతుంది.

తర్వాత కంకర. పట్టాల కింది పెద్ద రాయి మీద సైకిలు చక్రం నిలవదు. దానిమీదే పలచగా గ్రావెల్ చల్లితే రెండు వానలకు అందులోని రజను, అంటే సన్న రాతిపొడి, అంతా సందుల్లోకి దిగి, రాళ్లు మళ్లీ పైకి తేలతాయి. పెద్ద రాయిని గ్రేడర్‌తో, అంటే నేల చదును చేసే యంత్రంతో, పక్కకు తీసి, 20 మిల్లీమీటర్లలోపు రాయిని రజనుతో కలిపి 100 మిల్లీమీటర్లు పరిచి, తడిపి రోలర్ తిప్పాలి. రజను తగ్గితే పొర పట్టదు, బంకమన్ను ఎక్కువైతే బురదే. 3 మీటర్ల బాటకు నడుమ 4 సెంటీమీటర్లు ఎత్తుంచండి.

వంతెనల మీద ఒక చిక్కుంది. స్లీపర్లు, అంటే పట్టాల కింది దుంగలు, అడ్డంగా ఉంటాయి కనుక పలకలను నేరుగా వాటికి కొడితే బాట పొడవునా వస్తాయి, సందులో సైకిలు చక్రం ఇరుక్కుంటుంది. ముందు బాట పొడవునా దూలాలు వేసి, వాటిమీద అడ్డ పలకలు కొట్టాలి. ఒటాగో బాటలోని పూల్‌బర్న్ వంతెన ఎత్తు 37 మీటర్లు. అంత ఎత్తున పక్క కమ్మీల కోసం డబ్బు ఖర్చుకు వెనకాడకూడదు. ఆ వంతెన ఉన్న లోయలోని సొరంగాల్లో లైట్లు లేవు, టార్చి తెచ్చుకోమంటారు. నాకు అదే సరైన పద్ధతనిపిస్తుంది. చీకటి కూడా పాత మార్గంలో భాగమే.

మైలురాళ్లు, గ్యాంగ్ షెడ్లు ఉన్నచోటే ఉంచండి, కొత్త రంగులు పూయకండి. పాత స్లీపర్లతో మాత్రం బెంచీలు చేయొద్దు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, చెక్క పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ నూనె ఎండకు కారి బట్టలకూ ఒంటికీ అంటుకుంటుంది. కాల్చినా విషపు పొగే.