థీసిస్‌కి ఎగ్జామినర్ ఎవరు? బయటి యూనివర్సిటీ వారైతే చాలా?

[తెరపై: అడ్జుడికేషన్]

నమస్కారం. ఏళ్ల తరబడి కష్టపడి రాసిన థీసిస్‌ని పీహెచ్‌డీ స్కాలర్ సబ్మిట్ చేస్తారు. అక్కడి నుంచి అది అడ్జుడికేషన్‌కి, అంటే ఎగ్జామినర్లు చదివి తీర్పు చెప్పడానికి, వెళ్తుంది. ఎవరి దగ్గరికి వెళ్తుందో, వారిని ఎవరు ఎంచుతారో చాలామంది స్కాలర్లు ఆలోచించరు. ఈ వీడియో దాని గురించే.

[తెరపై: యూజీసీ పీహెచ్‌డీ రెగ్యులేషన్స్, 2022]

యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, నిబంధన ప్రకారం గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు థీసిస్ చూడాలి. వారు ఆ సబ్జెక్టులో నిపుణులై ఉండాలి, ఆ యూనివర్సిటీ ఉద్యోగులై ఉండకూడదు. వీలైన చోట ఒకరిని విదేశం నుంచి తీసుకోవాలి. మంచి షరతులే. కానీ ఆ ‘ఎక్స్‌టర్నల్’ అన్నది ఎగ్జామినర్ ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారో చూస్తుంది తప్ప, గైడ్‌తో ఆయనకున్న సంబంధమేమిటో చూడదు.

[తెరపై: ఊహించిన ప్యానెల్ కాగితం, నాలుగు వరుసలు]

చాలా యూనివర్సిటీల్లో గైడ్ కొన్ని పేర్లతో ప్యానెల్ ఇస్తారు, వైస్ ఛాన్సలర్ అందులోంచి ఎంపిక చేస్తారు. అలాంటి కాగితం ఒకటి ఊహించుకుందాం. మొదటి పేరు, గైడ్‌తో కలిసి ఒకే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేసిన వ్యక్తి. రెండోది, పోయినేడు ఇదే డిపార్ట్‌మెంట్ నుంచి రిటైరైన మేడమ్. మూడో ఆయన గైడ్‌తో కలిసి పేపర్లు వేశారు. నాలుగో ఆయన స్కాలర్ థీసిస్‌కి మన గైడ్ ఈ మధ్యే రిపోర్ట్ పంపారు. నలుగురూ రూలు ప్రకారం బయటివారే. వైస్ ఛాన్సలర్ వీరిలో ఎవరికి టిక్కు పెట్టినా థీసిస్ తెలిసినవాళ్ల చేతికే వెళ్తుంది.

వీళ్లంతా చెడ్డవాళ్లని నేను అనడం లేదు. పాత స్నేహం ఉన్నచోట, మూడో అధ్యాయం నిలబడదని రాయడానికి కలం ఆడదు. ‘నా స్కాలర్‌ది మీరు చూడండి, మీ స్కాలర్‌ది నేను చూస్తాను’ అనే ఇచ్చిపుచ్చుకోవడం నాకు అన్నిటికన్నా ప్రమాదంగా అనిపిస్తుంది. అందులో ఎవరికీ తప్పు చేస్తున్నామన్న భావనే ఉండదు. పొగడ్తతో రెండు పేజీల రిపోర్ట్ వస్తుంది, వైవా, అంటే చివర్లో జరిగే మౌఖిక పరీక్ష, సాఫీగా అయిపోతుంది. నిజంగా నష్టపోయేది స్కాలరే. థీసిస్‌లోని లోపం ఆ రోజు ఎవరూ చెప్పరు, తర్వాత ఏ ఉద్యోగ ఇంటర్వ్యూలోనో బయటపడుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గైడ్‌తో పడనివాళ్ల చేతికి వెళ్తే, ఆ కోపం స్కాలర్ మీద పడవచ్చు. ఒక ఎక్స్‌టర్నల్ తిరస్కరిస్తే ప్యానెల్‌లోని మరొకరికి పంపాలి, ఆయనా ఒప్పుకోకపోతే థీసిస్ తిరస్కరించినట్టే అని నిబంధన. అందుకే ఆ ‘మరొకరు’ ఎవరన్నది కూడా అంతే ముఖ్యం.

[తెరపై: 48 నెలలు]

మరి గీత ఎక్కడ గీయాలి? అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన దగ్గరికొచ్చే ప్రతిపాదనలను ఎవరు పరిశీలించకూడదో తేల్చడానికి ఒక లెక్క పెట్టుకుంది. ప్రతిపాదన పెట్టినవారితో గత 48 నెలల్లో కలిసి పేపర్ రాసినవారు వద్దు. పీహెచ్‌డీ గైడ్, ఆ గైడ్ స్కాలర్ల మధ్య సంబంధానికైతే కాలపరిమితే లేదు. అది థీసిస్‌ల కోసం పెట్టింది కాదు, అయినా మన డిపార్ట్‌మెంట్లు రేపటి నుంచే వాడుకోదగ్గ కొలత. ఇంకో తేడా: బ్రిటన్‌లో సాధారణంగా గైడ్ ఎగ్జామినర్‌గా ఉండరు. మన దగ్గర గైడ్ రిపోర్టూ రాస్తారు, వైవా బోర్డులోనూ కూర్చుంటారు. కాబట్టి మిగతా ఇద్దరైనా గైడ్‌కి దూరంగా ఉండాలి.

‘మాది చిన్న సబ్జెక్టు, అందరికీ అందరూ తెలుసు’ అంటారు. నిజమే. తెలుగు శాసనాల మీద థీసిస్ దిద్దగలవారు ఎంతమంది? ముఖపరిచయం ఉన్నవాళ్లందరినీ తీసేస్తే ఎవరూ మిగలరు. ఒక సెమినార్‌లో కలవడం సంబంధం కిందికి రాదు. కలిసి పేపర్ వేయడం, ప్రాజెక్ట్ పంచుకోవడం, బంధుత్వం, గురుశిష్య సంబంధం, ఇవి వస్తాయి. తెలుగు విభాగాలు మద్రాసు, మదురై, బెంగళూరు, కాశీల్లోనూ ఉన్నాయి, అక్కడా వెతకాలి. తప్పనిసరై తెలిసినవారినే పెడితే, ప్రతి పేరు పక్కన గైడ్‌తో, స్కాలర్‌తో ఉన్న సంబంధం ఒక్క వాక్యంలో రాసి ప్యానెల్‌తో పాటు ఇవ్వాలి. ఎగ్జామినర్ దగ్గరా అదే డిక్లరేషన్ తీసుకోవాలి. అది సరిపోతుందా లేదా అన్నది గైడ్ కాకుండా డీనో, ఒక కమిటీయో తేల్చి, మినిట్స్‌లో ఎక్కించాలి.

వైవాకి వచ్చేవారి టికెట్, గది, భోజనం ఖర్చు కూడా యూనివర్సిటీయే పెట్టుకోవాలి. పరీక్షించేవారికి పరీక్ష రాసేవారు శాలువా, కవరు ఇవ్వడం మర్యాద పేరుతో సాగుతున్న చోట్ల వెంటనే ఆపాలి.

[తెరపై: స్కాలర్లకు]

ప్యానెల్ గోప్యం కాబట్టి ఆ పేర్లు మీకు తెలియవు, తెలుసుకోవాలని ప్రయత్నించకండి. కానీ మీతో పేపర్ రాసినవారు, మీ డేటా ఇచ్చినవారు, మీ బంధువులు, మీరు ఉద్యోగానికి అప్లై చేసిన డిపార్ట్‌మెంట్ పెద్దలు ఎవరో గైడ్‌కి తెలియకపోవచ్చు. ఆ పేర్లు రాసి, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) ఇచ్చేటప్పుడే గైడ్‌కి ఇవ్వండి. చాలా చోట్ల ప్యానెల్ తయారయ్యేది అప్పుడే.