సీటు కింద నోటుపుస్తకం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే అయినా, పొద్దు వాలకముందే ఊళ్ళకు చేరవలసిన రైతులు ముందు వరుసల్లో కూర్చున్నారు కనుక ఆ మర్యాదను ఒక్క నమస్కారంతో ముగిస్తున్నాను.

చిన్న ట్రాక్టరు ఎంతకాలం మన్నుతుందో చెప్పమని నన్ను పిలిచారు. గుణుపురం నుంచి కాశీనగరం మీదుగా పర్లాకిమిడి దాకా మన జీడి, మామిడి తోటల్లో చెట్ల వరసల మధ్య దూరడానికి 20, 25 హార్స్‌పవర్ బండే అనువు కనుక, వెనుక గడ్డి కోసే యంత్రాన్నీ, ముందు ఎరువూ ఇసుకా ఎత్తే తొట్టినీ తగిలించి ఒకే బండితో రెండు పనులూ చేయించుకుంటున్నాం. పాత బండి బేరానికి వచ్చినప్పుడు మాత్రం "ఏ సంవత్సరం మోడలు?" అని అడుగుతాం. ఏడాదికి 100 గంటలు తిరిగిన పదేళ్ళ బండి, ఏడాదికి 800 గంటలు తిరిగిన రెండేళ్ళ బండి కన్నా తక్కువే అరిగి ఉండవచ్చు. గంటల మీటరు చూడాలి. ఆ గంటల్లో ఎప్పుడు ఏ ఆయిలు మార్చారో, ఏ ఫిల్టరు వేశారో రాసిన కాగితం ఉందా అని అడగాలి.

ముందుగా తొట్టి సంగతి. వంశధార తడి ఇసుక ఘనమీటరుకు దాదాపు 1,900 కిలోలు తూగుతుంది. 150 లీటర్ల తొట్టిని దానితో నింపితే 285 కిలోలు. అదే తొట్టి నిండా మాగిన పశువుల ఎరువు వేస్తే అందులో సగానికి అటూఇటూగా ఉంటుంది. కళ్ళకు రెండూ ఒక్కలాగే నిండుగా కనబడతాయి, ముందు ఇరుసుకు మాత్రం తేడా తెలుస్తుంది. ఆ బరువు ఇరుసుకు ఇంకా ముందుకు వేలాడుతుంది కనుక వెనుక చక్రాల మీది భారంలో కొంత కూడా ముందుకే వచ్చి పడుతుంది. అలా నెలల తరబడి పనిచేసిన బండికి ముందు చక్రాల దగ్గర ఆయిల్ సీళ్ళు పోతాయి, ఆయిలు కారిన దారిలోనే బురద లోపలికి వెళ్తుంది, తరవాత బేరింగులు, పళ్ళచక్రాలు. తొట్టితో పని చేసేటప్పుడు వెనుక బరువు కట్టండి, లేదా గడ్డి యంత్రాన్నయినా ఉంచండి. ఖాళీ వెనుకభాగంతో వాలులో దిగితే బ్రేకు ఉన్న చక్రాలకే నేల పట్టు ఉండదు.

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన విషయం చెబుతాను. వెనుక నిలబడిన డ్రైవర్లు దయచేసి ముందుకు రండి; ఇది మీ ఎదుట చెప్పుకోవలసినది.

మా తోటలో బండి నడిపిన కుర్రవాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివినవాడు. భాద్రపదంలో నడుము ఎత్తు గడ్డి కోస్తుండగా ఇంజను వేడెక్కి ఆగిపోయింది. నీళ్ళు చూడలేదని, బండిని చంపేశాడని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను, ఆ నెల జీతంలో కోత కూడా పెట్టాను. వాడు మారు మాట్లాడకుండా తాళం చేతికిచ్చి వెళ్ళిపోయాడు, దసరా కాకముందే సూరత్ మరమగ్గాలకు బయలుదేరాడు. తరవాత మెకానిక్ వచ్చి రేడియేటర్ ముందున్న జాలిని పైకి లాగితే, దాని వెనుక గడ్డి పొట్టూ విత్తనాల నూగూ ఇంజను వేడికి ఎండి, పిడకలా అట్టకట్టి ఉన్నాయి. నీళ్ళ మట్టం సరిగానే ఉంది. ఆ జాలి ఊడి వస్తుందని వాడికి నేను చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంది, కానీ ఆ పుస్తకం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది, దాన్ని నేను కవరు విప్పకుండా బీరువాలో దాచాను.

దున్నేటప్పుడు కన్నా గడ్డి కోసేటప్పుడే రేడియేటర్‌కు గండం. ఇంజను బలాన్ని వెనుక గడ్డి యంత్రానికి అందించే షాఫ్టు, అంటే పీటీఓ, నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజను గంటల తరబడి ఒకే వేగంతో పరుగెత్తాలి. ఎగిరే పొట్టునంతా ఫ్యాను లోపలికి లాగుతూనే ఉంటుంది. కోత రోజుల్లో రెండు మూడు గంటలకొకసారి ఇంజను ఆపి జాలి దులపాలి, చల్లారాక ఫ్యాను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. ముందు నుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది.

మా తాతగారు నౌపడా రైలు షెడ్డులో ఫిట్టరు. 1900లో పర్లాకిమిడికి, 1931లో గుణుపురానికి వచ్చిన ఆ రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలు లైను మీద ఆవిరి ఇంజన్లు దశాబ్దాలు నడిచాయి. బండి ఆగిన ప్రతిచోటా డ్రైవరు పొడవు ముక్కు నూనెడబ్బాతో దిగి చక్రాల దగ్గర వంగడం చిన్నప్పుడు నేను చూశాను. మన చిన్న ట్రాక్టర్లకు కూడా గ్రీజు ఎక్కించే చిన్న మూతులు, అంటే గ్రీజు నిప్పుళ్ళు ఉన్నాయి, తొట్టి చేతుల కీళ్ళలో ఉన్నాయి, గడ్డి యంత్రం షాఫ్టులో ఉన్నాయి. పది గంటల పనికొకసారి గ్రీజు అడుగుతాయి. చాలా చిన్న బళ్ళకు మొదటి ఇంజన్ ఆయిలు 50 గంటలకే మార్చాలి. ఎన్ని గంటలకు ఏది మార్చాలో మీ బండి పుస్తకం చెబుతుంది, అది చదివి వినిపించే మనిషిని వెతుక్కోండి.

ద్వారం దగ్గర బల్ల మీద నోటుపుస్తకాలు పెట్టించాను. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఒడియా: తేదీ, మీటరు గంటలు, చేసిన పని, చేసినవారి పేరు. యజమానులు వాటిని బీరువాల్లో పెట్టకండి, డ్రైవరు చేతికివ్వండి, సీటు కింద ఉండనివ్వండి. సూరత్‌లోని ఆ కుర్రవాడికి కోసిన జీతం వాళ్ళ అమ్మగారికి అందజేశాను, తిట్టిన మాటలు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక ఈ మాటలు ఇంతమందిలో చెబుతున్నాను.

నా ట్రాక్టరు బయట వేపచెట్టు కింద ఉంది. జాలి ఎలా ఊడుతుందో తీసి చూపిస్తాను, రండి.